పిన్ను దూరితే సరిపోదు: సీరియల్ కన్వర్టర్లపై అపోహలు - వాస్తవాలు

బేతంచెర్ల నాపరాళ్ల దగ్గర చూడండి, తాడిపత్రి గ్రానైట్ దగ్గర చూడండి, ఎర్రగుంట్ల సిమెంటు లారీల దగ్గర చూడండి. కాటా గదిలో ఒక కంప్యూటరు, ఒక బరువు ఇండికేటరు, రెంటి మధ్య ఒక నీలం కేబులు. ఇండికేటర్ సీరియల్ పోర్టు నుంచి వచ్చే సిగ్నల్‌ని కంప్యూటర్ యూఎస్‌బీకి మార్చే సీరియల్ కన్వర్టర్ అదే. బరువు తెరమీదికి రాకపోతే అందరూ మొదట సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు ఆ కేబుల్ని ఎంచుకోవడంలోనే ఉంటుంది.

అపోహ: తొమ్మిది పిన్నుల సాకెట్ ఉందంటే అది ఆర్‌ఎస్-232.

డీబీ9 అనేది సాకెట్ ఆకారం పేరు, అంతే. లోపల 232 (రెండు పరికరాల మధ్య ప్లస్, మైనస్ వోల్టులతో పోయే సిగ్నల్) ఉండొచ్చు, 485 (రెండు తీగల మీద చాలా పరికరాలను దూరం దాకా కలిపేది) ఉండొచ్చు, ఉత్త టీటీఎల్ (బోర్డు లోపలి చిప్పులు వాడే 3.3 లేదా 5 వోల్టుల సిగ్నల్) కూడా ఉండొచ్చు. కొనేముందు మల్టీమీటర్ తీయండి. పరికరం ఆన్‌లో ఉంచి, డీసీ 20 వోల్టుల రేంజిలో నల్ల ప్రోబు 5వ పిన్ను మీద, ఎర్రది 2 మీద, తర్వాత 3 మీద పెట్టండి. డేటా పంపకుండా ఊరకే ఉన్నప్పుడు ఒకదాని మీద మైనస్ 5 నుంచి మైనస్ 12 దాకా వస్తే అది 232, ఆ పిన్నే దాని ట్రాన్స్‌మిట్, అంటే డేటా పంపేది. ప్లస్ 3.3 గానీ ప్లస్ 5 గానీ స్థిరంగా చూపిస్తే టీటీఎల్ అని అనుమానించాలి. ఏదీ తేలకపోతే మాన్యువల్లో పిన్నుల పట్టిక చూడాలి. 485 సిగ్నల్‌ని డీబీ9లో ఏ పిన్నుకి ఇవ్వాలో అందరూ పాటించే పద్ధతంటూ లేదు.

ఇదే కొలతతో క్రాస్ కేబుల్ సంగతీ తేలిపోతుంది. కంప్యూటర్ వైపు మగ సాకెట్ 3వ పిన్ను నుంచి పంపుతుంది, 2లో అందుకుంటుంది. ఇండికేటర్ కూడా 3 నుంచే పంపుతుంటే 2, 3 మార్చిన కేబుల్ కావాలి. 2 నుంచి పంపుతుంటే నేరు కేబుల్ చాలు.

టీటీఎల్ బోర్డుకి 232 వైరు తిన్నగా తగిలించకండి. వోల్టేజీ ఎక్కువ, పైగా తలకిందులు: 232లో 'ఒకటి' అంటే మైనస్. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల చిన్న కంట్రోలర్ బోర్డుల పిన్ను అక్కడికక్కడే పోతుంది. మధ్యలో వోల్టేజీలు మార్చే మ్యాక్స్3232 చిప్పున్న చిన్న బోర్డు పెట్టాలి.

అపోహ: యూఎస్‌బీ కన్వర్టర్లన్నీ ఒకటే, చవకది తీసుకుంటే చాలు.

పైన ప్లాస్టిక్ ఒకటే, లోపలి చిప్పు వేరు. ఎఫ్‌టీ232, సీపీ2102, సీహెచ్340, పీఎల్2303 ఎక్కువగా కనిపిస్తాయి. పీఎల్2303 పాత రకాలకీ నకిలీలకీ కొత్త విండోస్‌లో 'కోడ్ 10' వచ్చి పసుపు గుర్తు పడుతుంది. ఎఫ్‌టీ232 తయారుచేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పుల నకిలీలతో ఇంకో తంటా. 2014లో ఆ కంపెనీ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్పుల గుర్తింపు నంబరును సున్నా చేసేసింది, దాంతో అవి పనిచేయడం మానేశాయి.

అసలు ఎఫ్‌టీ232లో సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి ఏ యూఎస్‌బీ సాకెట్లో పెట్టినా అదే కామ్ నంబరు (విండోస్ ఆ పోర్టుకిచ్చే పేరు) వస్తుంది. మామూలు సీహెచ్340లో అది ఉండదు. ఊడ్చేటప్పుడు కేబుల్ తీసి పక్క సాకెట్లో పెడితే కామ్3 కాస్తా కామ్7 అవుతుంది, కాటా సాఫ్ట్‌వేర్ 'పోర్టు లేదు' అంటుంది. ఆ సాకెట్ దగ్గర ఒక స్టిక్కర్ అంటిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

ఎఫ్‌టీడీఐలో లేటెన్సీ టైమర్ (అందిన డేటాను కంప్యూటర్‌కి ఇచ్చేముందు చిప్పు ఆగే సమయం) మొదట 16 మిల్లీసెకన్లు ఉంటుంది. బరువు ఆగకుండా వచ్చే కాటాకి దీంతో పనిలేదు. మోడ్‌బస్‌లో (ఒకే లైను మీది పరికరాలను ఒక్కొక్కటిగా అడిగి జవాబు తీసుకునే పద్ధతి) ఇరవై మీటరు పరికరాలను వరసగా అడిగేచోట మాత్రం ప్రతి జవాబూ ఆలస్యమవుతుంది. డివైస్ మేనేజర్లో ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లోకి వెళ్లి 1 లేదా 2 చేయండి.

అపోహ: 485కి రెండు తీగలు చాలు, గ్రౌండ్ అక్కర్లేదు.

మన జిల్లాల్లో ఎక్కువ చిప్పులు కాలేది ఇక్కడే. 485 రెండు తీగల మధ్య తేడానే చదువుతుంది, 200 మిల్లీవోల్టులున్నా పట్టుకుంటుంది. కానీ ఆ రెండు తీగలూ దాని సొంత గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపలే ఉండాలి. కాటా గదిలో ఒక ఎర్తింగ్, ఫ్యాక్టరీ ఆఫీసులో ఇంకో ఎర్తింగ్ ఉన్నప్పుడు, ఏప్రిల్, మే ఎండలకి నేల ఎండి ఎర్తింగ్ గుంత నిరోధం పెరిగితే ఆ రెంటి మధ్య తేడా ఈ హద్దును సులువుగా దాటుతుంది. గుంతలో నీళ్లు పోయడం మంచిదే, కానీ దాన్నే నమ్ముకోలేం.

ఒకే గదిలోనైతే మూడో తీగగా సిగ్నల్ గ్రౌండ్ కలపండి. వేరే భవనానికి పోయేదైతే ఐసొలేటెడ్ కన్వర్టరే (రెండు వైపుల కరెంటు, గ్రౌండ్ ఒకదానికొకటి తగలకుండా విడదీసినది) కొనండి. డబ్బాపై 'ఐసొలేషన్ 2500 వోల్టులు' లాంటి మాట వెతకండి. రెండు వైపులకీ ఒకే అడాప్టర్ నుంచి కరెంటిచ్చినా, షీల్డును (కేబుల్ తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) రెండు చివర్లా ఎర్త్ చేసినా పెట్టిన డబ్బు దండగ. షీల్డు ఎర్త్ ఒక చివరే. ఐసొలేషన్ పిడుగును ఆపదు. వైరు ఆరుబయట పోతే ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌కి మళ్లించే గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబు, టీవీఎస్ డయోడ్లున్న సర్జ్ బోర్డు వేరుగా పెట్టాలి.

అపోహ: ప్రతి పరికరం దగ్గరా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సిగ్నల్ బాగుంటుంది.

సిగ్నల్ చివర తగిలి వెనక్కి తిరగకుండా చూసేది అది, 485 లైను రెండు చివర్లలోనే పెట్టాలి. కరెంటు తీసేసి 485 రెండు తీగలు ఏ, బీ మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 40 వచ్చిందంటే ఎవరో మూడోది పెట్టారు. చాలా కన్వర్టర్లలో అది ఒక చిన్న స్విచ్చుతో ముందే ఆన్ అయి ఉంటుంది, చూసుకోండి. సెకనుకు 9600 బిట్ల వేగంలో, యాభై మీటర్ల లోపు అసలు లేకపోయినా నడుస్తుంది.

ఎవరూ మాట్లాడనప్పుడు లైను ఏ వోల్టేజీ తేలక గాల్లో వేలాడితే మొదటి అక్షరం చెత్తగా వస్తుంది. దానికి బయాస్ రెసిస్టర్లు: రెండు చివర్లా 120 ఉన్న 5 వోల్టుల లైనుకి 560 లేదా 680 ఓమ్‌లు, ఒక తీగ నుంచి ప్లస్‌కి ఒకటి, రెండో తీగ నుంచి గ్రౌండ్‌కి ఒకటి, అదీ ఒక్క చోటే.

ఏ, బీ పేర్లు కంపెనీని బట్టి తారుమారవుతాయి. జవాబు రాకపోతే రెండూ మార్చి చూడండి, ఏమీ కాలదు.

అపోహ: 232 పదిహేను మీటర్లు దాటదు, 485 ఏ వేగంలోనైనా 1200 మీటర్లు పోతుంది.

పదిహేను మీటర్లు పాత ప్రమాణంలోని మాట. తర్వాత దాన్ని కేబుల్ కెపాసిటెన్స్ 2500 పికోఫారడ్ల లెక్కకు మార్చారు. మీటరుకి 100 పికోఫారడ్లున్న వైరైతే 25 మీటర్లన్నమాట. 485లో 1200 మీటర్లు సెకనుకు సుమారు లక్ష బిట్ల లోపు వేగానికే.

అపోహ: కన్వర్టర్ పాడైందో లేదో తేల్చాలంటే ఇంకోటి కొనాలి.

232 కన్వర్టర్‌కి 2, 3 పిన్నులు ఒక చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో ఫ్లో కంట్రోల్, లోకల్ ఎకో (టైప్ చేసింది ప్రోగ్రామే తెరమీద చూపించడం) రెండూ ఆపి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసింది తిరిగి కనిపిస్తే కన్వర్టర్ బాగానే ఉంది. రెండు తీగల 485కి ఇలా కుదరదు, రెండు కన్వర్టర్లు ఎదురెదురుగా కలపాలి. ఈ పరీక్ష పాసైనా బాడ్ రేటు (డేటా వేగం) తప్పై ఉండొచ్చు, ఎందుకంటే పంపేదీ అందుకునేదీ ఒకే పోర్టు. ఇండికేటర్లో 7 బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్టు) అని ఉండి కంప్యూటర్లో 8 బిట్లు, పారిటీ 'నన్' (లేదు) అని పెడితే అంకెల మధ్య పిచ్చి గుర్తులు వస్తాయి. అప్పుడు చూడాల్సింది కేబుల్ కాదు, ఇండికేటర్ సెటప్ మెనూ.