నారుట్రేలో పై రెండు సెంటీమీటర్లు

ఇంటి లోపల, కిటికీ పక్కనో దీపాల కిందో విత్తనాలు మొలకెత్తించేవారికి ఏదో ఒక రోజు ఎదురయ్యే దృశ్యం ఒకటుంది. ట్రేను కాస్త కదిలించగానే మట్టి మీది నుంచి నాలుగైదు సన్నని నల్లని దోమలు లేచి, తూలుతున్నట్టుగా కొంచెం దూరం ఎగిరి, మళ్లీ ఆ మట్టి మీదే వాలతాయి. వాటిని చేత్తో కొట్టడం, పైన ఏదో ఒక మందు పిచికారీ చేయడం చాలామంది చేసే మొదటి పని. అయితే ఎగురుతున్న ఆ దోమ మొక్కను కొరకదు, దాని రసం పీల్చదు. నష్టం చేసేది దాని సంతానం, అది ఉండేది మట్టి లోపల. నారుమొక్కల మీది పురుగులన్నిటి విషయంలోనూ ముందుగా తెలుసుకోవలసింది ఇదే: కంటికి కనిపించే దశ ఒకటి, నష్టం చేసే దశ ఒకటి, మన ప్రయత్నానికి లొంగే దశ మరొకటి కావచ్చు. ఏ దశ ఎన్ని రోజులు ఉంటుందో లెక్క తెలియకుండా వాడిన మందు, అది ఎంత మంచిదైనా, సగం వృథాగానే పోతుంది.

పెరిగిన మొక్క నాలుగు ఆకులు పోయినా మళ్లీ చిగురిస్తుంది. వారం వయసున్న మొలకకు అంత నిల్వ ఉండదు. రెండు బీజదళాలు, దారంలాంటి కాండం, ఒక వేరు, ఆ వేరు కొసకు కాస్త వెనుక నూగులా కనిపించే మూలకేశాలు, ఇంతే దాని ఆస్తి. ఒక్కో మూలకేశం ఒకే ఒక కణం బయటికి సాగి ఏర్పడినది. మొక్కకు అందే నీటిలో పెద్ద భాగం ఈ నూగు ద్వారానే వస్తుంది. పైగా ఇంటి లోపల వాన కడగదు, గాలి విదిలించదు, పురుగును తినే మరో పురుగు రాదు, రాత్రీ పగలూ ఒకే రకమైన వెచ్చదనం ఉంటుంది. మొలకకు మనం కల్పించిన రక్షణ అంతా పురుగుకూ రక్షణే అవుతుంది.

ఫంగస్ నాట్ అని పిలిచే ఆ నల్లని చిరుదోమ పొడవు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి సియారిడే కుటుంబంలోని బ్రాడీసియా జాతులు. రెక్కను భూతద్దం కింద చూస్తే మధ్యలో ఒక ఈనె పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. టమాటా నారు పోసిన ఒక ట్రేలో మొలకలు ఎదుగుదల లేక పాలిపోయినప్పుడు, పైమట్టిని చెంచాతో తీసి తెల్లని పళ్లెంలో పరిచి నేను భూతద్దంతో చూశాను. మొదట ఏమీ కనబడలేదు. నిమిషం తర్వాత ఒక తడి కణిక పక్కన గాజు పోగులాంటిది కదిలింది. ఒళ్లంతా పారదర్శకం, తల మాత్రం నల్లపూసలా నిగనిగలాడుతోంది. తిన్న మట్టి దాని పొట్టలో నల్లని గీతలా బయటికి కనిపిస్తోంది. ఆ పక్కనే పీకి చూసిన మొలక వేరు నూగు పోయి నున్నగా, కొస దగ్గర గోధుమరంగులో ఉంది. నీరు చాలక వాడిందనుకుని ఆ ట్రేకు నేను రోజూ మరింత నీరు పోస్తూ వచ్చాను. పురుగు కోరుకునేది సరిగ్గా అదే.

గుడ్డు నుంచి వచ్చిన ఈ పిల్లపురుగుల, అంటే లార్వాల, అసలు ఆహారం బూజు, పాచి, కుళ్లుతున్న సేంద్రియ పదార్థం. సంఖ్య పెరిగి ఆ తిండి చాలనప్పుడు, లేదా లేత వేరు అందుబాటులో ఉన్నప్పుడు, అవి వేర్లను కొరుకుతాయి. కొరికిన గాయం గుండా నారుకుళ్లు తెగులు కలిగించే పితియం వంటి సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశిస్తాయి. ఒక ఆడదోమ తన వారం పదిరోజుల జీవితంలో నూరు నుంచి రెండు వందల దాకా గుడ్లు పెట్టగలదు. 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు పొదగడానికి నాలుగైదు రోజులు, లార్వాకు రెండు వారాలు, లార్వా దోమగా మారే ప్యూపా దశకు మరో నాలుగైదు రోజులు పడతాయి. అంటే మూడు నాలుగు వారాలకు ఒక తరం తిరిగి వస్తుంది.

చిక్కంతా లార్వాలు ఉండే చోటులో ఉంది. అవి ఎక్కువగా మట్టి పైభాగంలోని రెండు మూడు సెంటీమీటర్లలోనే, తడి ఉన్నంత మేర తిరుగుతాయి. అప్పుడే మొలిచిన మొక్క వేరు కూడా ఆ పై రెండు సెంటీమీటర్లలోనే ఉంటుంది. పైమట్టిని ఎండనివ్వండి అనే సలహా పెద్ద కుండీలకు చక్కగా సరిపోతుంది గాని, మూడు రోజుల మొలకకు దాన్ని యథాతథంగా పాటిస్తే పురుగుతోపాటు మొలకా ఎండిపోతుంది. అందువల్ల మొలకెత్తే వారం పదిరోజుల కాలంలో మనం చేయగలిగింది చాలా తక్కువ. చేయవలసిన పని అంతకుముందే, విత్తనం వేయకముందే పూర్తి కావాలి. పూర్తిగా మాగని కంపోస్టుతోనూ, తెరిచి ఉంచిన సంచుల్లోని తడి మిశ్రమంతోనూ గుడ్లు ఇంట్లోకి వస్తాయి. నారు మిశ్రమాన్ని తేమగా చేసి, లోపలి భాగం కూడా 60 నుంచి 70 డిగ్రీలకు వేడెక్కి అరగంట ఆ వేడిలో ఉండేలా చూస్తే గుడ్లు, లార్వాలు, తెగుళ్లు కలిగించే శిలీంధ్రాలలో చాలా భాగం నశిస్తాయి. అంతకు మించి మాడ్చనక్కరలేదు, మేలు చేసే సూక్ష్మజీవులు కొన్నయినా మిగలడం మంచిదే.

మొదటి అసలు ఆకులు విచ్చుకునేసరికి వేరు కిందికి దిగుతుంది. అప్పటి నుంచి తేమ విషయంలో మొక్కకూ పురుగుకూ దారులు వేరవుతాయి. ట్రేను పావుగంట, ఇరవై నిమిషాలు నీటిలో ఉంచి కింది నుంచి పీల్చుకోనిచ్చి, మిగిలిన నీటిని పారబోసి, పైపొర లేతరంగుకు తిరిగేదాకా మళ్లీ నీరు పెట్టకూడదు. నీటి పళ్లెంలోనే ట్రేను వదిలేస్తే నీరు మట్టి సందుల గుండా పైదాకా ఎక్కి, పైపొర తడిగానే ఉండిపోతుంది. చిన్న ఫ్యాను నెమ్మదిగా తిప్పితే పైమట్టి ఆరుతుంది, ఎగరడంలో బలహీనమైన ఈ దోమలు గుడ్లు పెట్టడానికి సరిగా వాలలేవు, గాలికి ఊగిన కాండం పొట్టిగా, దిటవుగా పెరుగుతుంది. స్పర్శకూ ఊపుకూ మొక్క ఇలా స్పందించడాన్ని 1973లో మోర్డెకాయ్ జాఫె అనే వృక్షశాస్త్రజ్ఞుడు వివరించి దానికి ఒక పేరు కూడా పెట్టారు. నారు పెంచేవారికి ఫ్యాను కంటే మేలైన పరికరం లేదని నా గట్టి నమ్మకం.

పసుపు రంగు జిగురు అట్టలను మట్టికి దగ్గరగా పరిచి పెడితే ఎక్కువ దోమలు అంటుకుంటాయి. వాటి వల్ల బెడద తీరిపోదు. వారం వారం ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోవడానికే అవి అసలు ఉపయోగం. మట్టిలో లార్వాలు ఉన్నాయో లేవో తెలియాలంటే బంగాళాదుంప ముక్కను కోసిన వైపు కిందికి ఉండేలా మట్టి మీద పెట్టి, రెండు మూడు రోజుల తర్వాత తిప్పి చూడాలి. లార్వాలుంటే ఆ ముక్క కిందికి చేరతాయి.

అవి అక్కడ కనిపిస్తే, లార్వా దశను గురిచూసి కొట్టే సాధనం ఒక బ్యాక్టీరియా. బాసిల్లస్ థురింజియెన్సిస్‌లోని ఇజ్రాయెలెన్సిస్ అనే రకాన్ని 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్నారు. దోమల లార్వాల మీద గొప్పగా పనిచేసే ఈ రకం, వాటికి దూరపు బంధువులైన ఫంగస్ నాట్ లార్వాల మీదా పనిచేస్తుంది. ఈ బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీను స్ఫటికం లార్వా పేగులోని క్షార ద్రవంలో కరిగి, అక్కడి ఎంజైముల కోతతో విషంగా మారి, పేగు గోడ కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు తిండి మానేసి ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఈ వివరం తెలిస్తే మూడు సంగతులు వాటంతటవే బోధపడతాయి. లార్వా దాన్ని మింగాలి కాబట్టి నీటిలో కలిపి మట్టికే పోయాలి, ఆకుల మీద చల్లితే ప్రయోజనం లేదు. గుడ్డు, ప్యూపా తిండి తినవు కాబట్టి ఒక్కసారి పోస్తే చాలదు, వారానికోసారి చొప్పున కనీసం మూడు సార్లు పోయాలి. ఆకు తినే గొంగళిపురుగుల కోసం అమ్మే కుర్స్టాకి రకం ఇదే బ్యాక్టీరియా పేరుతో దొరికినా ఈ లార్వాల మీద పనిచేయదు కనుక, డబ్బా మీద రకం పేరు చదవడం అవసరం.

మట్టి సంగతి ఇలా ఉంటే, ఆకుల కింద చేరి రసం పీల్చే పేనుబంక కథ మరో రకం. ఇంటి వెచ్చదనంలో దీనికి తరం తిరగడానికి వారం పదిరోజులు చాలు, మగపురుగు అక్కరలేదు, గుడ్ల దశ కూడా ఉండదు. 1740లో జెనీవాకు చెందిన షార్ల్ బొనే అనే ఇరవయ్యేళ్ల యువకుడు ఒకే ఒక పేనుబంక పిల్లను పుట్టీ పుట్టగానే వేరుచేసి, గాజుపాత్ర కింద పెంచి, రోజుల తరబడి కనిపెట్టి చూశాడు. మగతోడు లేకుండానే అది 95 పిల్లలను కన్నది. అనిషేక జననానికి అది తొలి గట్టి రుజువు. పుట్టబోయే పిల్ల కడుపులోనే దాని పిల్లల పిండాలు పెరగడం మొదలవుతుందని తర్వాత తెలిసింది. కాబట్టి నారు మీద ఒక పేనుబంక కనిపించిందంటే ఒక వంశం కనిపించిందనే అర్థం. ముందుగా కంటపడేది పురుగు కాకపోవచ్చు. అది విడిచిన తెల్లని కుబుసాలు కింది ఆకుల మీద పొట్టులా రాలి ఉంటాయి. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు తక్కువ కావడంతో పేనుబంక అవసరానికి మించి రసం పీల్చి, మిగులు చక్కెరను జిగటగా వదులుతుంది. నత్రజని ఎక్కువ వేసిన లేత ఆకులో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి కాబట్టి పురుగు అక్కడ మరింత త్వరగా వృద్ధి చెందుతుంది. మొలకలకు తొందరపడి ఎరువు వేయకూడదనడానికి ఇదొక కారణం.

నాలుగైదు పురుగులే ఉన్నప్పుడు తడి దూదితో తుడిచేయడమే ఉత్తమం. ఎక్కువగా ఉంటే పురుగుల కోసం తయారైన సబ్బు ద్రావణం పనికివస్తుంది. కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణాలు పురుగు పైచర్మపు మైనాన్నీ కణాల పొరలనూ దెబ్బతీస్తాయి. అయితే తడిగా ఉండి పురుగును తాకినంతసేపే వాటి ప్రభావం. ఆరిన తర్వాత ఆకు మీద మిగిలిన సబ్బు పురుగునేమీ చేయదు. మొలక ఆకు మీది మైనపు పొర కూడా పల్చనిదే గనుక అదే సబ్బు దాన్నీ గాయపరచగలదు. ఒకసారి నేను పాత్రలు కడిగే ద్రవాన్ని అంచనాగా కలిపి, వెలుగుతున్న దీపాల కిందే మిరప నారు మీద చల్లాను. మర్నాటికి పేనుబంక చాలావరకు పోయింది, దానితోపాటు బీజదళాల అంచులు కాలిన కాగితంలా ముడుచుకుపోయాయి. ట్రేలో మూడోవంతు మొలకలు మళ్లీ కోలుకోలేదు. అప్పటి నుంచి డిటర్జెంటు జోలికి వెళ్లకుండా, సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు మొలకల మీద చల్లి రెండు రోజులు ఆగి, దీపాలు ఆర్పిన తర్వాతే మిగిలినవాటికి కొడుతున్నాను. ఆకు అడుగుభాగం తడవాలంటే ట్రేను ఒక పక్కకు ఎత్తి కింది నుంచి కొట్టాలి.

తెల్లదోమకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది, తామర పురుగుకు మాత్రం కొంతవరకే, ఎందుకంటే అది పెరిగే క్రమంలో చివరి దశలను మట్టిలో గడుపుతుంది. ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్ల ఈ జీవి సాలీడు బంధువు, కాబట్టి కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. ఫంగస్ నాట్ తడిని కోరుకుంటే, నల్లి పొడి వేడిని కోరుకుంటుంది. దీపాలు మొక్కలకు మరీ దగ్గరగా ఉండి 27 డిగ్రీలు దాటిన చోట అది గుడ్డు నుంచి పెద్దయ్యేందుకు దాదాపు వారం సరిపోతుంది. ఆకు మీద సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు కనిపిస్తే తెల్లకాగితం మీద ఆ ఆకును తట్టి చూడాలి. రాలిన చుక్కలు నడిస్తే అవి నల్లులే. మట్టిని ఆరబెట్టాలి, గాలిని మాత్రం మరీ పొడిబారనివ్వకూడదు.

ఏ పురుగు విషయంలోనైనా ఎప్పుడు ఆపాలన్నది చాలామంది పొరబడే చోటు. జిగురు అట్ట మీద కొత్త దోమ పడని మొదటి రోజున ప్యూపాలు ఇంకా మట్టిలోనే ఉంటాయి. అందుకే అట్ట మీద అప్పటిదాకా పడ్డవాటిని లెక్కకట్టి, పక్కన తేదీ వేసి, కొత్త అట్ట పెట్టి, పైపొరను ఆరబెడుతూ మరో నాలుగు వారాలు చూడాలి. ఆ నాలుగు వారాలూ అట్ట ఖాళీగా ఉంటేనే కొత్త విత్తనాల ట్రేను ఆ బల్ల మీదికి తేవాలి.