కడుపులో బిడ్డకు ఏది చేరుతుంది: గ్రహణం భయం నుంచి రుబెల్లా టీకా దాకా

గ్రహణం రోజున నెల్లూరు, ఒంగోలు వైపు పల్లెల్లో కడుపుతో ఉన్న అమ్మాయిని ఇప్పటికీ గడప దాటనివ్వరు. "కత్తిపీట ముట్టుకోబాక, కదలబాక, అట్నే పడుకో" అని పెద్దవాళ్ళు కాపలా కూర్చుంటారు. లేకపోతే బిడ్డ మొర్రితో పుడుతుందని భయం. నిజంగా అలా పుడితే ఆ తల్లి బతికినన్నాళ్ళూ మాట పడాల్సిందే. అసలు గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు. గర్భం తొలి వారాల్లో బిడ్డ పై పెదవి, అంగిలి రెండు వైపుల నుంచి పెరిగి కలుసుకుంటాయి. అవి సరిగా కలవకపోతే మొర్రి ఏర్పడుతుంది. పెదవి కలిసే సమయానికి చాలామందికి నెల తప్పిన సంగతే రూఢిగా తెలియదు.

అయినా తల్లికి తగిలింది బిడ్డకూ తగులుతుందన్న పెద్దల నమ్మకాన్ని పూర్తిగా కొట్టెయ్యలేం. ఏది తగులుతుంది, ఎలా తగులుతుంది అన్న దగ్గరే వాళ్ళు పొరబడ్డారు. డాక్టర్లు ఇంకోవైపు పొరబడ్డారు. గత శతాబ్దం మొదటి సగంలో చాలామంది వైద్యులకు మాయ (తల్లి నుంచి బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) అంటే బిడ్డ చుట్టూ కట్టిన అడ్డుగోడ. తల్లికి ఏ జబ్బు చేసినా బిడ్డ లోపల భద్రంగా ఉంటుందనుకున్నారు. సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులు కడుపులో బిడ్డనూ పట్టుకుంటాయని తెలిసినా, మామూలు జ్వరాలను ఎవరూ అనుమానించలేదు.

ఆ ధీమాను దెబ్బ కొట్టింది సిడ్నీలోని ఒక కంటి డాక్టరు, నార్మన్ గ్రెగ్. 1941లో ఆయన దగ్గరికి పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలున్న పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. శుక్లం ముసలివాళ్ళ జబ్బు కదా, ఇంతమంది పసివాళ్ళకు ఒకేసారి ఏమిటని ఆయన తల్లుల్నే అడిగాడు. గర్భం తొలి నెలల్లో ఒళ్ళంతా దద్దు వచ్చి తగ్గిందని వాళ్ళు చెప్పారు. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియాలో రుబెల్లా అనే, దద్దుతో వచ్చే వైరస్ జ్వరం బాగా వ్యాపించింది. గ్రెగ్ తన కేసులకు తోటి డాక్టర్ల కేసులు కలిపి 78 మంది బిడ్డల వివరాలు పోగేస్తే, వారిలో 68 మంది తల్లులకు ఆ జబ్బు వచ్చి ఉంది. తల్లికి మూడు రోజుల్లో పోయే చిన్న జ్వరం, బిడ్డకు చూపు లేకుండా చేసింది. చాలామంది బిడ్డలకు గుండెలో కూడా లోపం ఉంది. ఇదంతా తల్లుల మాట చెవిన పెట్టిన ఒక డాక్టరు వల్ల బయటపడింది.

ఆకలి సంగతి తర్వాత తేలింది. 1944-45 చలికాలంలో జర్మన్ సేనలు దిగ్బంధించిన నెదర్లాండ్స్‌లో జనానికి రోజుకు వెయ్యి కేలరీల తిండి కూడా దొరకలేదు. ఆ కరువులో కడుపులో ఉన్నవాళ్ళు పెద్దయ్యాక షుగరు, గుండె జబ్బులు, కొందరిలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఎక్కువగా కనిపించాయి. 1980ల్లో ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు, పుట్టినప్పటి తక్కువ బరువుకూ నడివయసు గుండె జబ్బుకూ ముడి ఉందన్నాడు. మన పక్కన మైసూరులో ఒక ఆసుపత్రి 1934 నుంచి భద్రపరిచిన కాన్పుల రికార్డులు కూడా ఆ దిశగానే సాక్ష్యం చెప్పాయి.

ఇన్ఫెక్షన్ విషయంలో ఇంకో చిక్కుముడి ఉంది. 1957 ఫ్లూ కాలంలో హెల్సింకీలో నాలుగు నుంచి ఆరు నెలల గర్భంలో ఉన్న బిడ్డల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా ఎక్కువగా వచ్చిందని 1988లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాతి అధ్యయనాలన్నీ దాన్ని సమర్థించలేదు. ఫ్లూ వైరస్ సాధారణంగా మాయ దాటదు కూడా. మరి హాని ఎలా? ఎలుకల మీద పరిశోధనలు జవాబు చూపించాయి. చూలు ఎలుకకు వైరస్ ఇవ్వకుండా, వైరస్ వచ్చిందని ఒంటికి భ్రమ కలిగించే పదార్థం ఎక్కించినా, పుట్టిన పిల్లల ప్రవర్తనలో తేడా వచ్చింది. అంటే జబ్బుతో పోరాడటానికి తల్లి ఒంట్లో విడుదలయ్యే రసాయనాలే, మోతాదు మించితే బిడ్డ మెదడు ఎదుగుదలను తాకుతాయి. ఇది చదివి ఎవరూ హడలిపోవద్దు. జ్వరం వచ్చిన తల్లుల్లో అత్యధికుల బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. జ్వరం వచ్చినప్పుడు ఓర్చుకుంటూ కూర్చోకుండా అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలని మాత్రం దీన్నుంచి గట్టిగా చెప్పొచ్చు. మూత్రంలో మంటనూ సిగ్గుపడి దాచకూడదు. వదిలేస్తే అది కిడ్నీల దాకా పాకి, నెలలు నిండకుండానే కాన్పు తెచ్చిపెట్టగలదు.

ఇక టెన్షన్. కష్టంలో తల్లి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయలో ఒక ఎంజైము దానిలో ఎక్కువ భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చి, కొద్దిగా మాత్రమే బిడ్డ వైపు పోనిస్తుంది. అందుకే ఇంట్లో మాటా మాటా అనుకోవడం, ఆఫీసు చిరాకులు బిడ్డను ఏమీ చెయ్యవు. నెలల తరబడి నలిగే కష్టానికి అర్ధాకలి, ఇన్ఫెక్షన్ తోడైనప్పుడు మాయ కాసే ఆ కాపలా బలహీనపడొచ్చు.

1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో మంచువాన కురిసి కరెంటు లైన్లు కూలిపోయాయి. గడ్డకట్టే చలిలో కొన్ని ఇళ్ళకు నెల దాటినా కరెంటు రాలేదు. సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలి బృందం అప్పటి గర్భిణులనూ, వాళ్ళకు పుట్టిన పిల్లలనూ ఏళ్ళ తరబడి గమనించింది. పిల్లల మాటల్లో, తెలివితేటల పరీక్షల్లో తేడాలు కనిపించాయి. ఆ తేడాలు తల్లి మనసులో ఎంత కుమిలిపోయిందన్న దానికంటే, ఎన్నాళ్ళు కరెంటు లేదు, ఇల్లు ఎంత దెబ్బతింది అన్న లెక్కతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. "దిగులు పడబాకమ్మా, బిడ్డకు మంచిది కాదు" అని చెప్పి చేతులు దులుపుకుంటే ఒరిగేదేమీ లేదు. దిగులు తెచ్చిన కారణాన్ని తియ్యాలి.

ఆ కారణమేదో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకు ఏ పరిశోధనా చెప్పక ముందే తెలుసు. 1992లో దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మలాంటి వాళ్ళు ముందుండగా సారా అంగడి మీదికి వెళ్ళారు. మగవాళ్ళ కూలి డబ్బులు సారా పాకెట్లకు పోయేవి, పొయ్యి వెలిగేది కాదు, అడిగితే దెబ్బలు. కడుపుతో ఉన్నదని కూడా చూసేవాళ్ళు కాదు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. గర్భంలో భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లులకు నెలలు నిండని కాన్పులు, రెండున్నర కిలోల లోపు బిడ్డలు ఎక్కువని తర్వాత ఎన్నో దేశాల్లో అధ్యయనాలు చూపించాయి. దూబగుంట ఆడవాళ్ళ పోరాటాన్ని మద్యం చరిత్రలో చెప్పుకుంటాం. తల్లీబిడ్డల ఆరోగ్య చరిత్రలోనూ దానికి చోటుండాలి.

తుపాన్ల సంగతీ అంతే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఇళ్ళను పడగొట్టింది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది. నొప్పులు మొదలైన మనిషికి నెల్లూరు ఆసుపత్రి ఏటి అవతలుంటే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించండి. ఇప్పుడు హెచ్చరిక రాగానే ఏఎన్ఎంలు, ఆశాలు జాబితా చూసి నెలలు నిండినవాళ్ళను ముందే ఆసుపత్రికి చేరుస్తున్నారు. చాలా మంచి పని. నీళ్ళు తీశాక కూడా వాళ్ళను కనిపెట్టి ఉండాలి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు మామూలు వాళ్ళకు వాటంతటవే తగ్గినా, ఏడో నెల దాటిన గర్భిణికి ప్రాణం మీదికి తెస్తాయి. వరద ఊళ్ళలో ఆమెకు కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలి.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తున్నారు. బీపీ, రక్తం, మూత్రం, సిఫిలిస్ అన్నీ అక్కడే చూస్తారు. ఇంట్లో కొట్టేవాళ్ళుంటే 181కి, మనసు బాగా కుంగిపోతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు.

రుబెల్లా విషయంలో మనం చాలా ఆలస్యం చేశాం. టీకా 1969లోనే వచ్చినా, మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017 ఆగస్టులో మొదలైంది. 9 నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకు వేశారు. అప్పటికే పదిహేను దాటిన ఆడపిల్లలు అందులో లేరు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు తల్లులవుతున్న వయసులో ఉన్నారు. తొలి 12 వారాల్లో రుబెల్లా సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. కాబట్టి టీకా పడలేదనుకున్నవాళ్ళు గర్భానికి ముందే డాక్టరును అడిగి వేయించుకోవాలి. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భంతో ఉండగా ఈ టీకా వేయరు. తెలియక వేయించుకున్నా అందుకోసం గర్భం తీయించుకోనక్కర్లేదు. పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో డోసు వేస్తారు. మగపిల్లలకు ఎందుకని కొందరు మానిపిస్తుంటారు. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మకో పిన్నికో ఆ వైరస్ వాళ్ళ నుంచే అంటుకోవచ్చు, అందుకే మగపిల్లలకూ తప్పకుండా వేయించాలి.