కలరా విషాన్ని పట్టుకున్న డాక్టర్ గారు

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

సూక్ష్మజీవుల గురించి చదివేటప్పుడు పాశ్చర్, కాక్ పేర్లు మీకు వచ్చే ఉంటాయి. కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ డే పేరు మాత్రం విని ఉండరు. ఆయన గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

డే గారు 1915లో బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో పుట్టారు. కలకత్తాలో డాక్టరీ చదివారు. లండన్‌లో పరిశోధన చేసి 1949లో పీహెచ్‌డీ అందుకున్నారు. తిరిగొచ్చాక కలరా మీద పట్టుబట్టి కూర్చున్నారు.

కలరా వస్తే బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు ఆగకుండా అవుతాయి. ఒంట్లోని నీరు, ఉప్పు పోయి, వైద్యం అందకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. దీనికి కారణమైన బ్యాక్టీరియాను రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలోనే గుర్తించాడు. అది ఏదో విషం వదులుతూ ఉండాలని కూడా అన్నాడు. ఆ విషం ఉందని రుజువు కావడానికి మాత్రం ఇంకో 75 ఏళ్లు పట్టింది!

ఎందుకంటే చాలామంది దాన్ని వేరే చోట వెతికారు. బ్యాక్టీరియాను జంతువుల ఒంట్లోకి సూదితో ఎక్కించి, అవి జబ్బుపడతాయా, చస్తాయా అని చూసేవారు. విషం రక్తంలో కలిసి ఒళ్లంతా పాడుచేస్తుందని వాళ్ల ఊహ. రోగి నీరంతా పోతున్నది పేగులోంచి కదా, అక్కడే చూడాలి అనుకున్నారు డే. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది ఈ ఆలోచనే.

కుందేలు చిన్న పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకి కలరా బ్యాక్టీరియాను ఎక్కించారు. మర్నాటికి ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. బ్యాక్టీరియా ఎక్కించని భాగం మామూలుగానే ఉంది. ఇది ఆయన ఒక సహచరుడితో కలిసి 1953లో ప్రకటించిన ప్రయోగం. పాపం కుందేలు అని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ కలరాను పరీక్షించి చూడటానికి అప్పట్లో ఇంత నమ్మకమైన పద్ధతి ఇంకొకటి లేదు.

అసలు సంగతి 1959లో తేలింది. బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడపోసి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా చేసి పేగులోకి ఎక్కించారు. అయినా పేగు ఉబ్బింది! అంటే ఆ పని చేసింది బ్యాక్టీరియా ద్రవంలోకి వదిలిన విషమే. ఈ ఫలితం ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఆ విషం ఎలా పనిచేస్తుందో తర్వాతివాళ్లు కనుక్కున్నారు. అది పేగు గోడను చీల్చదు. గోడలోని కణాలు లవణాలను పేగులోకి వదులుతూనే ఉండేలా చేస్తుంది, వాటి వెంట నీరూ వచ్చేస్తుంది. గోడ బాగానే ఉంటుంది కాబట్టి చక్కెర, ఉప్పు సరైన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే పేగు వాటిని పీల్చుకోగలదు. అదే ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ ఈ నీళ్లతోనే ఎంతోమందిని బతికించారు.

డే గారిని నోబెల్‌కు సిఫారసు చేసినవాళ్లలో జాషువా లెడర్‌బర్గ్ ఒకరు, ఆయనే స్వయంగా నోబెల్ గ్రహీత. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియంలో మాట్లాడమని డే గారిని పిలిచారు కూడా. మన దేశంలో మాత్రం బతికి ఉండగా పెద్ద పురస్కారమేదీ ఇవ్వలేదు. 1985లో ఆయన కన్నుమూశారు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ సందేహాలు రాసి పంపండి, ఒక్కొక్కదానికీ జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య