బిల్లుల సాయం పేదలకా, కష్టపడే కుటుంబాలకా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విద్యుత్, గ్యాస్ బిల్లులు కట్టలేక బకాయి పడిన కుటుంబాలకు సాయం కోసం దరఖాస్తులు నింపి పెట్టడం, సరఫరా సంస్థలతో మాట్లాడి వాయిదాలు కుదిర్చి పెట్టడం నా వృత్తి. ఈ పనిలో దాదాపు రోజూ వినే మాట ఒకటుంది: "తెల్లవారి లేస్తే పనికి పరిగెత్తే మాకు ఏ సాయమూ లేదు, ఊరికే కూర్చున్నవాళ్లకు మాత్రం బిల్లులో తగ్గింపు." ఆ మాట వెనుక ఉన్న బాధ నిజమైనదని, దానికి చూపుతున్న కారణం మాత్రం చాలావరకు తప్పని నా అనుభవం. అందుకే తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: బిల్లు సాయం అందుకునేది పని చేయనివారే.

తక్కువ ఆదాయం గల కుటుంబాలు ఒకవైపు, కష్టపడి పనిచేసే కుటుంబాలు మరొకవైపు ఉన్నట్టు మాట్లాడటంలోనే పొరపాటు మొదలవుతుంది. బ్రిటన్‌లో ఆదాయాన్ని బట్టి ఇచ్చే ప్రధాన భత్యం యూనివర్సల్ క్రెడిట్. దాన్ని అందుకునేవారిలో సుమారు మూడింట ఒక వంతు మంది ఉద్యోగం చేస్తున్నవారే. అమెరికాలో 1981లో మొదలైన లైహీప్ అనే ఇంధన సాయ పథకంలో కూడా కుటుంబ ఆదాయాన్ని, సభ్యుల సంఖ్యను చూస్తారు తప్ప, ఉద్యోగం ఉన్నంత మాత్రాన ఎవరినీ పక్కన పెట్టరు. నా ఎదుట కూర్చునేవారిలో దుకాణాల్లో, గోదాముల్లో, ఆస్పత్రుల్లో పనిచేసేవారు ఎందరో ఉంటారు. మిగిలినవారిలో వృద్ధులు, దీర్ఘకాలిక రోగులు, ఇంట్లో మంచం పట్టినవారిని చూసుకోవడం కోసం ఉద్యోగం మానుకున్నవారు కనిపిస్తారు. వీరిలో ఎవరినీ "ఊరికే కూర్చున్నవారు" అనడానికి నాకు నోరు రాదు.

అపోహ: ఆదాయ పరిమితి దాటిన కుటుంబానికి సాయం అవసరం లేదు.

ఈ అపోహ ఎక్కువగా పథకాలను రూపొందించేవారిలో ఉంటుంది, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే. రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి, సంచిలోంచి ఆరు నెలల జీతం చీటీలు తీసి బల్ల మీద వరుసగా పరిచింది. ఐదు నెలల్లో ఆమె ఆదాయం పరిమితికి లోపలే ఉంది. ఆరో నెలలో, తోటి ఉద్యోగి ఒకరు జబ్బుపడటంతో, ఆమె వారం రోజులు ఓవర్‌టైం చేసింది. దరఖాస్తును పరిశీలించినవారు లెక్కలోకి తీసుకున్నది ఆ ఒక్క నెలనే. "ఆ వారం ఇంట్లో కూర్చుని ఉంటే నాకు వచ్చేదే కదా మేడమ్" అని ఆమె అన్నప్పుడు నేను కాదని చెప్పలేకపోయాను, ఎందుకంటే లెక్క ప్రకారం ఆమె మాట అక్షరాలా నిజం.

ఆ లెక్కను ఒకసారి దగ్గరగా చూడండి. పరిమితి కంటే 10 తక్కువ సంపాదించిన ఇంటికి 150 సాయం అందుతుందని, 10 ఎక్కువ సంపాదించిన ఇంటికి ఏమీ అందదని అనుకుందాం. రెండో ఇల్లు మొదటి ఇంటికంటే 20 ఎక్కువ సంపాదించి, చివరికి 130 వెనుకబడుతుంది. బ్రిటన్‌లో 2011 నుంచి అమలవుతున్న వార్మ్ హోమ్ డిస్కౌంట్ అనే బిల్లు తగ్గింపు పథకం ఇలాంటిదే. ఒక నిర్ణీత తేదీన అర్హత గల భత్యం అందుకుంటున్న ఇంటికి 150 పౌండ్లు పూర్తిగా వస్తాయి, ఆ తేదీన భత్యం లేని ఇంటికి ఆ పథకం కింద ఒక్క పెన్నీ కూడా రాదు. ఇదే దేశంలో యూనివర్సల్ క్రెడిట్ మాత్రం జీతం పెరిగేకొద్దీ పౌండుకు (అంటే 100 పెన్నీలకు) 55 పెన్నీల చొప్పున మెల్లగా తగ్గుతుంది. మెట్ల మీదుగా దిగడానికి, మిద్దె మీద నుంచి పడటానికి ఉన్న తేడా ఈ రెండింటి మధ్య ఉంది. ఫ్రాన్స్ 2018లో దేశమంతటా ప్రవేశపెట్టిన ఇంధన చెక్కు ఆదాయాన్ని, కుటుంబ పరిమాణాన్ని బట్టి సంవత్సరానికి 48 నుంచి 277 యూరోల వరకు అంచెలంచెలుగా ఉంటుంది. అక్కడ కూడా చివరి అంచె దాటితే ఏమీ రాదన్నది నిజమే, కానీ ఆ చివరి అంచెలో కోల్పోయేది పెద్ద మొత్తం కాదు. పరిమితి గీతకు కాస్త అవతల నిలబడిన కుటుంబం గీతకు ఇవతలి కుటుంబం మీద కోపం పెంచుకుంటోందంటే, ఆ కోపాన్ని పుట్టించింది గీతను అంత పదునుగా గీసిన పద్ధతే.

అపోహ: అందరికీ సమానంగా ఇవ్వడమే న్యాయం.

వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. ధరలు ఒక్కసారిగా మండిపోయినప్పుడు, ఎవరు అర్హులో తేల్చే వ్యవధి లేనప్పుడు, అందరికీ ఇవ్వడాన్ని నేను కూడా సమర్థిస్తాను. 2022 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు బ్రిటన్ ప్రతి ఇంటి విద్యుత్ ఖాతాకు ఆరు వాయిదాల్లో మొత్తం 400 పౌండ్లు ఇచ్చింది. సాయం త్వరగా చేరింది, ఆదాయాన్ని బట్టి ఎవరినీ గీతకు అవతల వదిలేయలేదు. అయితే ఆ సాయం ఇంటి కనెక్షనును బట్టి ఇచ్చినది కావడంతో, రెండు ఇళ్లు ఉన్నవారికి రెండుసార్లు అందింది. ఒకే మీటరు కింద ఎనిమిది మంది నివసించే ఇంటికి ఒక్కసారే అందింది. జర్మనీ 2023లో తెచ్చిన గ్యాస్ ధర నియంత్రణలో, ఇళ్లు అంతకుముందు వాడిన దాని ఆధారంగా లెక్కగట్టిన వినియోగంలో 80 శాతానికి కిలోవాట్ అవర్ (యూనిట్) ధరను 12 యూరో సెంట్లకు పరిమితం చేశారు. మిగిలిన 20 శాతం పూర్తి ధరకే కొనాలి కాబట్టి పొదుపు చేయాలన్న ఆలోచన చావలేదు, అది మెచ్చుకోదగినదే. కానీ మునుపు ఎక్కువ గ్యాస్ కాల్చిన పెద్ద ఇంటికి ఎక్కువ సొమ్ము మిగిలింది, మొదటి నుంచీ ఒక్క గదినే వెచ్చగా ఉంచుకుంటూ గడిపిన ఇంటికి తక్కువ మిగిలింది.

నేను బిల్లు మొత్తాన్ని కాకుండా, ఆదాయంలో దాని వాటాను చూస్తాను. సంపాదన 100 అయితే బిల్లుకు 3 ఇచ్చే ఇల్లు, 12 ఇచ్చే ఇల్లు పక్కపక్కనే ఉండవచ్చు. 1991లో బ్రిటన్ పరిశోధకురాలు బ్రెండా బోర్డ్‌మన్ ఇంధన పేదరికాన్ని, అంటే ఇంటికి సరిపడా ఇంధనం కొనలేని స్థితిని, నిర్వచిస్తూ ఆదాయంలో 10 శాతాన్ని గీతగా తీసుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఈ కొలతతో చూస్తే, ఇద్దరు సంపాదిస్తున్నా పాత అద్దె ఇంట్లో ఉంటూ బిల్లుకు 12 ఇస్తున్న కుటుంబం కూడా సాయం పొందవలసిన జాబితాలోకి వస్తుంది.

అపోహ: ఈ సాయం మొత్తం శ్రామిక కుటుంబాల జేబులోంచే పోతోంది.

ఇందులో సగం నిజం ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పన్నుల నుంచి నడిచే పథకానికి ఎక్కువ ఆదాయం గలవారు ఎక్కువ ఇస్తారు. వార్మ్ హోమ్ డిస్కౌంట్ వంటి పథకాల ఖర్చును మాత్రం సరఫరా సంస్థలు వినియోగదారుల బిల్లుల్లోంచే రాబట్టుకుంటాయి. అంటే గీతకు కాస్త అవతల ఉండి సాయం అందని కుటుంబం కూడా ఆ ఖర్చులో తన వంతు కడుతోంది. అర్హత ఉండి దరఖాస్తు దాకా రాలేని నిరుపేద కూడా కడుతున్నాడు. కాబట్టి ఫిర్యాదు సరైనదే, కానీ అది చేరవలసిన చోటు పొరుగింటి గుమ్మం కాదు, ఖర్చును ఎవరి మీద ఎలా మోపాలో తేల్చే ప్రభుత్వం, నియంత్రణ సంస్థ.

అపోహ: సాయం ఇస్తే పొదుపు మానేసి విచ్చలవిడిగా వాడతారు.

నేను చూసినంతలో తక్కువ ఆదాయపు ఇళ్లు వాడవలసిన దానికంటే తక్కువే వాడుతున్నాయి. ప్రీపెయిడ్ మీటరు ఉన్న ఒక వృద్ధ దంపతుల ఇంట్లో సొమ్ము అయిపోయి రెండు రోజులు సరఫరా ఆగింది. మూడో రోజు వారు రీఛార్జి చేస్తే, ఆగిన రెండు రోజుల స్థిర ఛార్జీ ముందుగా అందులోంచే కోతపడింది. చీకట్లో గడిపిన రోజులకు కూడా డబ్బు కట్టిన వారికి పొదుపు పాఠాలు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఇంట్లో వేడి పోతున్నది కిటికీ చట్రాల సందుల్లోంచి, పైకప్పులోంచి. అమెరికాలో 1976 నాటి చట్టంతో వచ్చిన వెదరైజేషన్ పథకం ఇలాంటి సందులు మూయించడం, వేడి బయటకు పోకుండా ఆపే పొర (ఇన్సులేషన్) వేయించడం వంటి పనులను ఉచితంగా చేస్తుంది. పేదరిక ప్రమాణానికి రెండింతల ఆదాయం వరకు అర్హత ఉండటంతో, పనిచేసే కుటుంబాలకు కూడా అందులో చోటుంది.

అపోహ: అర్హత ఉంటే సాయం దానంతట అదే వస్తుంది.

చాలా చోట్ల రాదు. లైహీప్‌కు ఏటా ఇంత అని నిధి కేటాయిస్తారు. అది అయిపోతే అర్హత ఉన్నా అందదు, అర్హులైన కుటుంబాల్లో అత్యధికులకు ఆ సాయం చేరడం లేదు. షిఫ్టుల్లో పనిచేసేవారికి పగటి వేళ కార్యాలయానికి రావడమే కష్టం, ఇక నెల నెలా మారే జీతాన్ని కాగితం మీద నిరూపించడం మరీ కష్టం.

తిరస్కరణ ఉత్తరం వచ్చినప్పుడు దాన్ని అక్కడితో వదిలేయకండి. ఏ నెల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారో రాతపూర్వకంగా అడగండి. ఓవర్‌టైం ఒక్క నెలకే పరిమితమైతే, అంతకు ముందు నెలల జీతం చీటీలు జతచేసి సగటు చూడమని పునఃపరిశీలన కోరండి. ఈలోగా సరఫరా సంస్థకు ఫోన్ చేసి, బకాయి పెరగకముందే వాయిదాలు అడగండి. ఆరు చీటీలు పరిచిన ఆ తల్లి విషయంలో మేము చేసింది ఇదే. సగటు తీసి చూసిన తర్వాత ఆమె ఆదాయం పరిమితి లోపలే తేలింది, సాయం ఏడు వారాలు ఆలస్యంగా అందింది.