గోడ దాటిన పువ్వు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

విశ్వవిద్యాలయం అనగానే పరీక్షలు, పట్టాలు, పెద్ద చదువుల విద్యార్థులు గుర్తుకొస్తారు. అక్కడ మనకేం పని అని మీకు అనిపించవచ్చు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సంగతి తెలిస్తే అలా అనుకోరు. అక్కడ మ్యూజియంలు, ఒక తోట, ఒక వృక్షవనం, ఒక అడవి ఉన్నాయి. అవి చూడటానికి సీటు సంపాదించనక్కరలేదు. ఎవరైనా వెళ్ళవచ్చు. నేను చెప్పబోయే మ్యూజియంలలో ప్రవేశానికి డబ్బు కూడా తీసుకోరు. తోటకు, వృక్షవనానికి మాత్రం టిక్కెట్టు ఉంటుంది.

ముందు తోట సంగతి చెబుతాను, నాకు అదంటే మహా ఇష్టం కాబట్టి. హెన్రీ డాన్వర్స్ అనే ప్రభువు 5,000 పౌండ్లు ఇస్తే 1621లో దాన్ని మొదలుపెట్టారు. ఆ కాలంలో మందులు చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి. ఒక ఆకును మరో ఆకుగా పొరబడితే రోగి ప్రాణం మీదికి వచ్చేది. అందుకే వైద్య విద్యార్థులు మొక్కలను కళ్ళారా చూసి నేర్చుకోవాలని ఈ తోట వేశారు. అయితే స్థలం చెర్‌వెల్ నది ఒడ్డున పల్లంలో ఉంది, వరద వస్తే మునిగిపోతుంది. దాన్ని ఎత్తు చేయడానికి 4,000 బండ్ల పెంట తెచ్చి పోశారు. ఆ పెంట మీద లేచిన తోటకు ఇప్పుడు నాలుగు వందల ఏళ్ళు దాటాయి.

తొలి తోటమాలి జేకబ్ బోబార్ట్ కాలంలో, 1645లో, నాటిన యూ చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. తోటలోని చెట్లన్నిటిలోకీ వయసులో అదే పెద్ద. యూ ఆకు విషం, పశువులు తింటే చచ్చిపోతాయి. ఈ జాతి ఆకుల్లోని పదార్థం నుంచే 20వ శతాబ్దంలో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందును తయారుచేశారు. వైద్యం నేర్పడానికి వేసిన తోటలో ఇంత పాఠం ఇన్నాళ్ళు ఎవరికీ తెలియకుండా నిలబడి ఉంది, చూశారా!

ఈ తోట నుంచి తప్పించుకుపోయిన మొక్క ఒకటుంది. సిసిలీ ద్వీపంలో ఎట్నా అనే అగ్నిపర్వతం ఉంది కదా, దాని వాలులో బూడిద, రాళ్ళ మధ్య పెరిగే పసుపు పూల మొక్క అది. 18వ శతాబ్దం మొదట్లో దాన్ని తెచ్చి తోటలో పెట్టారు. కొన్నాళ్ళకు దాని విత్తనాలు గోడ దాటి ఊళ్ళోని పాత రాతి గోడల సందుల్లో మొలిచాయి. చాలాకాలం అక్కడితో ఆగింది. 1844లో ఆక్స్‌ఫర్డ్‌కు రైలు వచ్చాక దాని దశ తిరిగింది. పట్టాల కింద పరిచిన కంకర, బొగ్గు చిట్టెం ఆ మొక్కకు సొంత కొండ లాగే తోచాయి. విత్తనానికి తెల్లటి నూగు ఉంటుంది, రైలు వెళ్ళే గాలికి అది లేచి ముందుకు సాగుతుంది. డ్రూస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రైల్లో వెళుతుండగా ఆక్స్‌ఫర్డ్ దగ్గర కొన్ని విత్తనాలు కిటికీలోంచి లోపలికి వచ్చి, గాలిలోనే తేలుతూ ప్రయాణం చేసి, టైల్‌హర్స్ట్ అనే ఊరి దగ్గర బయటికి పోయాయట! అలా రైలు దారుల వెంబడి ఆ మొక్క దేశమంతా పాకింది. దాన్ని ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ రాగ్‌వోర్ట్ అంటారు. ఒక మొక్క కొత్త దేశంలో ఎలా నిలదొక్కుకుంటుందో శాస్త్రజ్ఞులు దాన్ని చూసి ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

ఊరికి కాస్త దూరంలో హార్‌కోర్ట్ వృక్షవనం ఉంది. పెద్ద చెట్లు ఇష్టమైనవారు అక్కడికి కూడా వెళ్ళవచ్చు.

ఇక 1860లో తెరిచిన ప్రకృతి చరిత్ర మ్యూజియం. పైన గాజు కప్పు, చుట్టూ రాతి స్తంభాలు. ఏ స్తంభం రాయి దానిదే, ఒకటి ఉన్నట్టు మరొకటి ఉండదు. ఏ రాయి ఎక్కడిదో స్తంభం దగ్గరే రాసి ఉంటుంది. కట్టడమే భూగర్భశాస్త్ర పాఠం అన్నమాట. స్తంభాల తలల మీద ఆకులు, పువ్వులు చెక్కింది ఐర్లాండు నుంచి వచ్చిన ఓషియా అన్నదమ్ములు. బొమ్మల పుస్తకం చూసి చెక్కలేదు వాళ్ళు. విశ్వవిద్యాలయం తోట నుంచి అప్పుడే కోసిన మొక్కలు తెప్పించుకుని, ఎదురుగా పెట్టుకుని చెక్కారు. మీరు వెళితే తలెత్తి నింపాదిగా చూడండి. పని మధ్యలో డబ్బు అయిపోయి, కొన్ని స్తంభాల చెక్కడం చాలా ఏళ్ళు అలాగే ఆగిపోయింది.

డోడో పక్షి పేరు వినే ఉంటారు. మారిషస్‌లో ఉండేది, ఎగరలేదు, డచ్చివారు అడుగుపెట్టాక వంద ఏళ్ళైనా కాకముందే అంతరించింది. దాని ఎముకలు కొన్ని చోట్ల ఉన్నాయి గానీ, చర్మం మిగిలి ఉన్న తల ప్రపంచం మొత్తం మీద ఈ మ్యూజియంలోనే ఉంది. 2002లో ఆ అవశేషం నుంచి తీసిన డీఎన్ఏను పరీక్షిస్తే డోడో పావురాల కుటుంబానిదనీ, బతికున్న పక్షుల్లో దానికి దగ్గరి చుట్టం నికోబార్ పావురమనీ రుజువైంది. 2018లో స్కానింగ్ చేస్తే పుర్రెలో చిన్న చిన్న సీసపు గుళ్ళు కనిపించాయి. ఎవరో వెనకనుంచి తుపాకీతో కాల్చారు. మూడున్నర శతాబ్దాలుగా భద్రంగా దాచబట్టే ఆ తల ఈ సాక్ష్యం చెప్పగలిగింది. పనికిరాని పాత సామాను అని ఎప్పుడో పారేసి ఉంటే ఈ రెండు సంగతులూ మనకు తెలిసేవి కావు.

ఆ మ్యూజియం వెనక భాగం నుంచే పిట్ రివర్స్ మ్యూజియంలోకి దారి. 1884లో పిట్ రివర్స్ అనే సైనికాధికారి తన సేకరణను ఇచ్చి పెట్టించాడు. వస్తువులను దేశాల వారీగా కాకుండా వాడుక వారీగా అమర్చారు. తాళాలన్నీ ఒకచోట, వాద్యాలన్నీ మరోచోట. ఒకే అవసరాన్ని ఏ జాతివారు ఎలా తీర్చుకున్నారో పక్కపక్కనే పోల్చి చూసుకోవచ్చు. అద్దాల బీరువాల కింది సొరుగులు కొన్ని మీరే లాగి చూడవచ్చు, మొహమాట పడకండి. ఒకప్పుడు అక్కడ మనుషుల తలలు కూడా ప్రదర్శనకు పెట్టేవారు. ఆ మనుషుల జాతులను అది అవమానించడమేనని గుర్తించి 2020లో తీసేశారు. మంచి పని చేశారు.

అష్మోలియన్ మ్యూజియం 1683లో తెరిచారు. దాని పాత భవనంలో ఇప్పుడు సైన్సు చరిత్ర మ్యూజియం ఉంది. 1931లో ఐన్‌స్టీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యసించినప్పుడు విశ్వం వయసు, పరిమాణం లెక్కలు రాసిన నల్లబల్లను అందులో చూడవచ్చు. ఆయన చేతి సుద్దరాత చెరిగిపోకుండా ఉంది.

అష్మోలియన్ గురించి మీకు మరొకటి తెలియాలి. ఆళ్వార్లలో ఒకరైన తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహాన్ని ఆ మ్యూజియం 1967లో వేలంలో కొన్నది. 16వ శతాబ్దపు విగ్రహం అది. 1957లో తీసిన ఒక ఫోటోలో అది తమిళనాడులోని గుడిలోనే ఉన్నట్టు తర్వాత బయటపడింది. భారత ప్రభుత్వం అడిగితే, తిరిగి ఇవ్వడానికి విశ్వవిద్యాలయం 2024లో ఒప్పుకుంది. కాబట్టి ఏ మ్యూజియంకు వెళ్ళినా వస్తువు అందం చూసి ఊరుకోకండి. అది ఎక్కడిది, ఇక్కడికి ఎలా వచ్చింది అని కూడా అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

చివరగా వైథమ్ అడవి. ఫెన్నెల్ దంపతులు చిన్న వయసులోనే పోయిన తమ కూతురు హేజెల్ జ్ఞాపకార్థం 1940లలో దాన్ని విశ్వవిద్యాలయానికి అప్పగించారు. 1947 నుంచి అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలను ఏటా లెక్కగా గమనిస్తున్నారు. వాటి కోసం వెయ్యి దాకా గూటి పెట్టెలు చెట్లకు కట్టారు. ఏ పిట్ట ఏ రోజు మొదటి గుడ్డు పెట్టిందో రాసుకుంటారు. ఆ లెక్కల వల్లే ఒక సంగతి తేలింది. వసంతం ముందుగా వేడెక్కుతోంది, ఓక్ చెట్లు ముందే చిగురిస్తున్నాయి, చిగురు తినే గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి. పిట్ట పిల్లలకు ఆ పురుగులే తిండి కాబట్టి పిట్టలు కూడా అప్పటికన్నా రెండు వారాలకు పైగా ముందే గుడ్లు పెడుతున్నాయి. డెబ్బై ఏళ్ళకు పైగా విడవకుండా రాసిన పుస్తకాలు లేకపోతే ఈ మార్పు ఎవరి కంటికీ ఆనేది కాదు.

ఈ అడవిలో నడవాలంటే విశ్వవిద్యాలయం నుంచి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. కుక్కలను లోపలికి రానివ్వరు. గూటి పెట్టెలు కనిపిస్తే దూరం నుంచే చూడండి, ముట్టుకోవద్దు.

మీ
తాతయ్య