మ్యాగ్నిఫిసెంట్ అంటే 'చాలా బాగుంది' అనేనా? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఈ మాట దగ్గర అవే తప్పులు, అవే సందేహాలు. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: అది మ్యాగ్నిఫిషియెంట్.

వాస్తవం: కాదు. ఎఫీషియెంట్, సఫీషియెంట్ రోజూ నోట్లో ఆడే మాటలు కాబట్టి ఇది కూడా అలాగే ఉంటుందనుకుంటాం. మొన్న ఒకమ్మాయి ఉద్యోగం కోసం రాసుకున్న మెయిల్ తెచ్చి చూపించింది, మొదటి లైన్‌లోనే సి తర్వాత ఒక ఐ ఎక్కువ పడింది. సి తర్వాత నేరుగా ఇ, ఎన్, టి రావాలి. నొక్కి పలకాల్సింది 'ని'ని, చివర్లో వచ్చేది 'సెంట్'. నోటితో 'షి' అనేవాళ్లే చేత్తో ఆ ఐ రాసేస్తారు, కాబట్టి ముందు పలకడం సరిచేసుకోండి.

అపోహ: మ్యాగ్నిఫిసెంట్, స్ప్లెండిడ్, గార్జియస్ మూడూ ఒకటే, ఏది వాడినా నడుస్తుంది.

వాస్తవం: అర్థాలు దగ్గరివే, కానీ పుట్టుక వేరు, ఆ తేడా వాడుకలో ఇప్పటికీ తెలుస్తుంది. లాటిన్‌లో మాగ్నస్ అంటే పెద్ద, ఫాకెరె అంటే చేయడం, ఆ రెండూ కలిసిందే మ్యాగ్నిఫిసెంట్. మన 'మహా', వాళ్ల మాగ్నస్ ఒకే పాత మూలం నుంచి వచ్చిన దాయాదులు. భూతద్దాన్ని మ్యాగ్నిఫైయింగ్ గ్లాస్ అంటామే, అదీ ఈ కుటుంబమే. స్ప్లెండిడ్‌కి మూలం మెరవడం అనే లాటిన్ క్రియ. ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి ఖిల్వత్ దర్బారు హాల్లో నిలబడి చూడండి. పైన వేలాడే షాండ్లియర్ల వెలుగు చూస్తే స్ప్లెండిడ్ అనాలనిపిస్తుంది, నాలుగడుగులు వెనక్కి వేసి ఆ స్తంభాలు, కమానులు, ఎత్తు అంతా ఒక్క చూపులో చూస్తే మ్యాగ్నిఫిసెంట్ అనే మాట దానంతటదే వస్తుంది. గార్జియస్ ఎక్కువగా రంగుకి, అందానికి వాడతాం, పెళ్లికూతురి పట్టుచీరకి చక్కగా సరిపోతుంది.

అపోహ: కోటలకి, మహళ్లకి తప్ప వాడకూడదు.

వాస్తవం: ఆ మాటలోనే 'చేయడం' ఉందని చెప్పాను కదా, మనిషి చేసిన గొప్ప పనికి అది భేషుగ్గా నప్పుతుంది. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నప్పుడు మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ కొట్టిన 281ని ఇంకేమంటాం? నైస్ ఇన్నింగ్స్ అంటే మనసొప్పదు.

అపోహ: ముందు వెరీ పెడితే బలం పెరుగుతుంది.

వాస్తవం: 'కొంచెం బ్రహ్మాండంగా ఉంది' అని మనం అనం కదా, ఇదీ అలాంటిదే, మాటలోనే చివరిమెట్టు ఉంది. గట్టిగా చెప్పాలంటే ఆబ్సల్యూట్లీ, ట్రూలీ వాడండి.

అపోహ: తెలుగులో దీనికి 'అద్భుతమైన' అని ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

వాస్తవం: ఇన్నింగ్స్‌కి సరే. పెళ్లి అయితే 'వైభవంగా' జరిగిందంటాం, కోట అయితే 'భవ్యంగా' ఉందంటాం. పదహారో శతాబ్దపు ఒట్టోమాన్ సుల్తాన్ సులేమాన్‌ని యూరప్ వాళ్లు ద మ్యాగ్నిఫిసెంట్ అన్నారు, అక్కడ 'అద్భుతమైన సులేమాన్' అని రాస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూడండి. నేనైతే 'ఘనుడైన సులేమాన్' అని రాస్తాను.