కళ్ల కోసం కదిలే కాళ్లు

పెద్ద స్థాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ 10 నుంచి 12 కిలోమీటర్ల దాకా తిరుగుతారు. మిడ్‌ఫీల్డ్ ఆటగాళ్లు తిరిగేదీ దాదాపు అంతే. కాకపోతే ఆటగాడు అలసిపోతే మరొకరు దిగుతారు, రిఫరీని అలసిపోయారని మార్చరు. పైగా మైదానంలో చాలాసార్లు అందరికంటే వయసులో పెద్ద వాళ్లే. ఇంత పరుగూ బంతిని అందుకోవడానికి కాదు, జరిగేది సరిగ్గా కనబడే చోటికి సమయానికి చేరడానికి. అందుకే దెబ్బ తగలకుండా కదలడం, తప్పు లేకుండా తీర్పు చెప్పడం వేరువేరు పాఠాలు కావని నేను గట్టిగా నమ్ముతాను. తలను నిలకడగా ఉంచే అడుగే మోకాలినీ కాపాడుతుంది.

పరిగెత్తుతుంటే అడుగడుగునా తల పైకీ కిందికీ ఊగుతుంది. అయినా ఎదుటి దృశ్యం ఊగినట్టు మనకు అనిపించదు. లోపలి చెవిలోని సమతౌల్య అవయవం తల కదలికను పసిగట్టి, కనుగుడ్లను వెంటనే దానికి ఎదురు దిశలో తిప్పుతుంది. గొప్ప ఏర్పాటే, కానీ దానికీ హద్దుంది. పాదం నేలకు గట్టిగా తగిలినప్పటి కుదుపును అది పూర్తిగా సరిదిద్దలేదు. బాస్కెట్‌బాల్‌లో ముందు ఆగి, ఆ తర్వాత చూసి ఫౌల్ తేల్చమని రిఫరీలకు నేర్పుతారు. కారణం ఇదే.

అయితే ఆగడంలోనే ప్రమాదం ఎక్కువ. వేగంగా వస్తూ కాలు నిటారుగా చాచి ఒక్క అడుగులో ఆగితే ఆ ఊపంతా మోకాలి మీద పడుతుంది. ఆ క్షణంలో ఒళ్లు పక్కకు తిరిగి మోకాలు లోపలికి వాలిందంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగొచ్చు. చివరి మూడు నాలుగు అడుగులు చిన్నవి చేసి, మోకాళ్లు వంచి, నడుము కాస్త దించితే ఆ భారాన్ని తొడ, పిక్క, తుంటి కండరాలు పంచుకుంటాయి. తల కూడా కుదుపు లేకుండా నిలుస్తుంది.

ఇక వెనక్కి పరిగెత్తడం. ఆటకు వీపు చూపకూడదన్న పట్టుదలతో దీన్ని అవసరానికి మించి వాడేవాళ్లు చాలామంది. ఒకసారి మీ పాదం చూసుకోండి. చీలమండ పాదానికి నడిమధ్యన లేదు, బాగా వెనకగా ఉంది. ముందుకు తూలితే మునివేళ్లతో నేలను నొక్కి నిలదొక్కుకోవడానికి చోటుంది. వెనక్కి తూలితే ఆసరా ఆ కాస్త మడమే. ఒంటి బరువు దాన్ని దాటిందా, ఇంకో అడుగు వెనక్కి వేస్తే తప్ప పడిపోతాం. వెనక్కి పరిగెత్తుతుండగా మడమ గడ్డిలో చిక్కుకుంటే ఆ అడుగుకు కూడా సమయం దొరకదు. పడుతూ చేయి వెనక్కి చాస్తే మణికట్టు విరగొచ్చు, తల వెనక భాగం నేలకు కొట్టుకోవచ్చు. కాబట్టి వెనక్కి పరిగెత్తాల్సి వస్తే ఒళ్లు కొంచెం ముందుకు వంచాలి, అడుగులు చిన్నవిగా ఉండాలి, పాదాలు ఈడ్వకూడదు. బంతి దూరంగా వెళ్లిపోతే తిరిగి ముందుకే పరిగెత్తడం మంచిది. తల భుజం మీదుగా తిప్పి చూస్తే ఆట కనబడుతూనే ఉంటుంది.

ఫుట్‌బాల్‌లో మైదానం పక్క గీత దగ్గర ఉండే అసిస్టెంట్ రిఫరీల బాధ వేరు. గోల్ వైపు నుంచి గోల్‌కీపర్‌ను కూడా కలిపి లెక్కపెడితే రెండో డిఫెండర్‌కు సరిగ్గా సమానంగా ఉండాలి. పాస్ ఇచ్చిన క్షణంలో ఎదుటి ఆటగాడు ఆ డిఫెండర్‌ను దాటి గోల్‌కు దగ్గరగా ఉన్నాడా అన్నదే ఆఫ్‌సైడ్ తీర్పు. ఒక్క అడుగు అటూ ఇటూ అయితే ఏటవాలుగా చూస్తారు, ఆఫ్‌సైడ్ కానిది ఆఫ్‌సైడ్‌లా కనబడుతుంది. డచ్ పరిశోధకులు 2000లో 'నేచర్' పత్రికలో ఈ పొరపాట్లకు చూసే కోణమే ప్రధాన కారణమని చూపించారు. నెమ్మదిగా కదిలేటప్పుడు మైదానం వైపు తిరిగి సైడ్ స్టెప్ వేస్తే డిఫెండర్‌కు సమానంగా ఉండే ఆ ఊహా గీత తప్పిపోదు. పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే నిలబడే ఆధారం ఇరుకైపోతుంది, కాలికి కాలు తగులుతుంది. డిఫెండర్ పరుగందుకుంటే మాత్రం సైడ్ స్టెప్ వదిలేయాల్సిందే.

బంతి నుంచి తప్పుకోవడమూ ఈ విద్యలో భాగమే. ఫుట్‌బాల్‌లో రిఫరీ మూలల మధ్య ఐమూలగా నడిచే పద్ధతి వల్ల ఆట ఎక్కువగా ఆయనకూ ఎదుటి అసిస్టెంట్‌కూ మధ్య ఉంటుంది. అయినా పాస్‌ల దారిలో పడటం జరుగుతూనే ఉంటుంది. బంతి రిఫరీకి తగిలి ఎదుటి జట్టుకు దక్కితే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలని, అంటే రిఫరీయే బంతిని కింద వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టాలని 2019లో నిబంధన మార్చారు. క్రికెట్ అంపైర్‌కైతే బంతి తగలడం ప్రాణం మీదికి వచ్చే సంగతి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో నేరుగా కొట్టిన బంతి 20 మీటర్లు దాటడానికి 0.6 సెకను చాలు. కన్ను గుర్తించి కండరం కదిలేలోపే అందులో మూడో వంతు అయిపోతుంది. మోకాళ్లు బిగించి నిలబడితే మిగిలిన సమయంలో పక్కకు తప్పుకోలేరు. 2016లో అంపైర్ బ్రూస్ ఆక్సెన్‌ఫర్డ్ చేతికి రక్షణ కవచం కట్టుకుని దిగారు.

ఫుట్‌బాల్ రిఫరీల ఫిట్‌నెస్ పరీక్షలో 40 మీటర్ల స్ప్రింట్‌లు ఆరు, ఆపైన 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక 40 సార్లు ఉంటాయి. ఓపికను కొలవడానికి మంచి పరీక్షే, కానీ అందులో అంతా ముందుకే. ఆ ఒక్క పరీక్ష కోసమే తయారైతే పక్కకు, వెనక్కు, ఉన్నట్టుండి ఆగడానికి కాళ్లు సిద్ధం కావు. వెనక్కి పరుగులో ముందుగా నేలను తాకేది పాదం ముందు భాగం, ఆ బరువు మోసేది పిక్క కండరమూ, దాన్ని మడమకు కలిపే పట్టీ అయిన అకిలిస్ టెండనూ. వయసు పెరిగేకొద్దీ ఇవి త్వరగా దెబ్బతింటాయి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం వీటిని బలపరుస్తుంది. విరామంలో కూర్చుంటే కండరాలు చల్లబడతాయి. రెండో సగం మొదలయ్యేముందు రెండు మూడు నిమిషాలు సైడ్ స్టెప్‌లు, చిన్న పరుగులు, ఆగడాలు చేసి దిగితే తొలి స్ప్రింట్‌లోనే తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం తగ్గుతుంది.